అడిగి తియ్యి, పేరు చెప్పి పాడు: డుంబ్రిగుడ నుంచి ఒక ప్రణాళిక

చలికాలం రాగానే మా కొండవాలులు పసుప్పచ్చగా మారిపోతాయి. వలిసెలు పూస్తాయి. ఆ పూల మధ్య నిలబడి ఫోటో దిగాలని మైదానం నుంచి కార్లు బారులు తీరి వస్తాయి. మొదట్లో జనం అడక్కుండా చేలోకి దిగేవారు. కాళ్ల కింద మొక్క విరిగేది, గింజ కట్టకముందే పూత రాలేది. కొన్నాళ్లకు రైతులు గట్టు మీద నిలబడడం మొదలుపెట్టారు. దిగాలంటే అడగండి, ఇంత కట్టండి, ఈ బాట దాటి లోపలికి పోకండి అన్నారు. ఇప్పుడు రోడ్డు పక్క చేలల్లో చాలాచోట్ల అదే పద్ధతి. వచ్చినవాళ్లు కాదనడం లేదు. గట్టు మీద మనిషి ఉన్నాడని తెలిస్తే అడిగి దిగే మర్యాద ఎవరికైనా వస్తుంది.

అదే రోడ్డు మీద, చాపరాయి జలపాతం దారిలో, థింసా ఆడే మా అక్కల ముందు ఫోను ఎత్తేటప్పుడు మాత్రం ఆ మర్యాద కనబడదు. ఆట చూసి చేతిలో ఎంతో కొంత పెడతారు. ఆ వీడియో సాయంత్రానికి ఎవరి ఛానల్లోకో ఎక్కుతుంది. కింద ఆడినవాళ్ల పేర్లుండవు, ఊరి పేరుండదు. కొన్నిసార్లు తుడుము మోత తీసేసి దాని మీద సినిమా పాట అతికిస్తారు. ఆ కింద ఒంటి మీద బట్ట గురించి, రంగు గురించి ఎవరెవరో రాసే మాటలు ఆ అక్క చదవలేదు. ఆమె కూతురు చదువుతుంది. మా తరగతి గదిలో కూర్చుని చదువుతుంది.

వలిసె పువ్వుకు గట్టు మీద మనిషి ఉన్నాడు. పాటకు, ఆటకు, ముఖానికి లేడు. ఆ మనిషిని బడిలో తయారుచేయాలని మేము బయల్దేరుతున్నాం. ఆ మనిషి ఇంకొకరి చేను దగ్గరకు వెళ్లినప్పుడు తానూ గట్టు మీదే ఆగి అడగడం నేర్చుకోవాలని కూడా. ఈ రెండూ ఒకే పాఠమని మా నమ్మకం. ఈ ప్రణాళిక అంతా ఆ నమ్మకం మీదే నిలబడింది.

మేమెవరం

డుంబ్రిగుడ మండలంలో పాఠాలు చెప్పేవాళ్లం, ఆశ్రమ పాఠశాలల్లో చదివి బయటికొచ్చినవాళ్లం, పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులం. కించుమండ, అరమ, గుంటసీమ, పోతంగి, సొవ్వ, ఊరేదైనా మా ఇళ్లలో జరిగిన కథ ఒక్కటే. 2020లో కరోనా బడులు మూయించినప్పుడు ఏజెన్సీ పిల్లలు సిగ్నలు కోసం కొండెక్కారు, చెట్టెక్కారు. 2022 డిసెంబరు 21న రాష్ట్రంలో 8వ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు ట్యాబులు పంచడం మొదలైంది, మొత్తం 5 లక్షలకు పైగా. మరుసటి ఏడాది అదే రోజున రెండో విడత మా జిల్లాలోనే, చింతపల్లిలో ప్రారంభమైంది. ఆ మధ్యలో 2023 జూన్‌లో ఒక్కరోజున 100 సెల్ టవర్లు మొదలుపెడితే వాటిలో 85 మా అల్లూరి సీతారామరాజు జిల్లావే. తరాల తరబడి రోడ్డు కోసం ఎదురుచూసిన ఊళ్లకు మూడేళ్లలో ప్రపంచమంతా వచ్చి వాకిట్లో కూర్చుంది.

ఫోను వచ్చినందుకు మేము బాధపడడం లేదు. రాత్రిపూట పురిటి నొప్పులొస్తే 108కి కబురందించింది అదే. కాఫీ ధర, మిరియాల ధర దళారి నోటి నుంచి కాకుండా నేరుగా తెలిసింది దానివల్లే. ఫోను లాక్కుంటే సమస్య తీరుతుందనే పెద్దలతో మేము ఏకీభవించం. ట్యాబుల్లో అక్కర్లేని సైట్లు తెరుచుకోకుండా తాళం వేసి ఇచ్చారు, అది మంచిదే. ఇంట్లో నాన్న ఫోనుకు ఆ తాళం లేదు. అనంతగిరి ఘాట్‌లో బండి నడపబోయే కుర్రాడికి ఏ మలుపులో హారన్ కొట్టాలో, ఎక్కడ ఎదుటి బండికి దారివ్వాలో పక్కన కూర్చుని ఒకరు చెప్పాలి. మా పిల్లలు ఆ ఘాట్‌లోకి ఒంటరిగా దిగారు. పక్క సీటు ఖాళీగా ఉంది. అందులో కూర్చోవలసినది మేమే.

థింసా ఎవరిది?

మొదట ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం. మా పిల్లలకు సృష్టికర్త హక్కు అనే మాట ఎక్కడో ఢిల్లీలో, సినిమావాళ్ల మధ్య తిరిగే మాటగా కాకుండా, తమ అమ్మ కాలి అందె దగ్గర మొదలయ్యే మాటగా తెలియాలి.

థింసాలో ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు అల్లుకుంటారు. ఒకరు అడుగు తప్పితే వరస మొత్తానికి తెలుస్తుంది. మోరి ఊదేవాళ్లు, తుడుము, కిరిడి, డప్పు వాయించేవాళ్లు పక్కన నిలబడతారు. బొడ థింసా ఊరి దేవత ముందు. గొడ్డిబేట థింసాలో నేల మీద రాళ్లు ఏరుతున్నట్టు వంగి లేస్తారు. పొతర్ తోల ఆకు కోత. బాగ్ థింసా పులి నుంచి తప్పించుకోవడం. ఇట్లా 8 రకాలు చెబుతారు. ప్రతి అడుగులోనూ ఈ కొండ మీద చేసే పని ఒకటి దాగుంది. దీన్ని కట్టింది ఎవరంటే ఒక పేరు చెప్పలేం.

చట్టానికి పేరు కావాలి. 1957 కాపీరైటు చట్టం రచయిత ఎవరని అడుగుతుంది, ఆయన చనిపోయాక 60 ఏళ్లు లెక్కపెడుతుంది. పేరూ లేక, చావూ లేక, తరతరాలుగా నడిచొచ్చిన ఆటకు ఆ లెక్కలో చోటు లేదు. జానపద కళలకంటూ మన చట్టంలో విడిగా ఏర్పాటు లేదు. కాబట్టి థింసా అడుగులు, ఆ బాణీలు ఎవరిదీ కానట్టే. 'ఎవరిదీ కాదు' అన్న మాటకు మా ఊళ్లలో పాత అర్థం ఒకటుంది. పోడు భూమిని కూడా ఒకప్పుడు అలాగే అన్నారు. భూమి విషయంలో ఆ మాట చెల్లదని చెప్పడానికి 1959 నిబంధన రావాలి, 1970లో దాన్ని బిగించాలి, జనం నోట అది 1/70 చట్టంగా నిలవాలి. చివరికి మా పక్క మండలం అనంతగిరిలోని బొర్రా దగ్గర గనుల లీజులపై నడిచిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వమైనా సరే షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరుల చేతికి ఇవ్వకూడదని తేల్చాలి. మట్టికి అంత పోరాటం పట్టింది. పాటకు మేము ఇంకా మొదలే పెట్టలేదు.

అయితే పూర్తిగా ఒట్టి చేతులతో లేము. ఆట ఎవరిదన్న ప్రశ్నకు చట్టం తడబడినా, ఈ సాయంత్రం ఈ ఆట ఆడినది ఎవరన్న ప్రశ్నకు తడబడదు. అదే చట్టంలో 38వ సెక్షను ప్రదర్శకుల హక్కు గురించి చెబుతుంది. ప్రదర్శకులంటే ఎవరో పేరుపేరునా రాశారు: నటులు, గాయకులు, వాద్యకారులు, నర్తకులు, గారడీవాళ్లు, చివరికి పాములాడించేవాళ్లు. ఈ జాబితా తరగతిలో చదివినప్పుడు ఒక అమ్మాయి లేచి, పాములాడించేవాడికి హక్కుంది గానీ మా అమ్మకు లేదా అని అడిగింది. ఉంది తల్లీ. మీ అమ్మ నర్తకి. ఆమె ఆడిన ఆటను ఆమె ఒప్పుకోకుండా రికార్డు చేసి జనంలోకి పంపకూడదు. ఆ హక్కు ఆడిన ఏడాది దాటిన దగ్గర నుంచి 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ దానికి ఇంకొన్ని చేర్చింది: ఆ ప్రదర్శనతో వ్యాపారం చేస్తే రాయల్టీలో వాటా అడగవచ్చు, తన పేరు చెప్పమని అడగవచ్చు. తన గౌరవం చెడేలా దాన్ని కత్తిరిస్తే, అతికిస్తే, వద్దని ఆపవచ్చు. ఇంటికి తీసుకెళ్లి చూసుకోవడానికి, పాఠం చెప్పడానికి, పరిశోధనకు తీసుకుంటే తప్పు కాదని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఫోను ఎత్తిన ప్రతి పర్యాటకుడూ దొంగ అని మేము పిల్లలకు నేర్పం. ఎత్తే ముందు అడగాలి, ఎక్కించే ముందు మళ్లీ అడగాలి అని నేర్పుతాం. తీయడానికి ఒప్పుకోవడం వేరు, ఊరూరా చూపించడానికి ఒప్పుకోవడం వేరు. ఈ తేడా పిల్లకు తెలిస్తే అమ్మకు చెబుతుంది.

ఒకమాట తల్లులకు, అన్నలకు చెప్పాలి. ఒక్క సంతకంతో హక్కులో చాలా భాగం చేజారిపోవచ్చు. ఒప్పుకున్నట్టు రాసిచ్చి సినిమాలోకో వీడియోలోకో ప్రదర్శన చేర్చనిస్తే, కాగితంలో వేరేగా రాసుకోకపోతే తరవాత తీసేయమని అడిగే వీలు ఉండదు. తెలుగులో ఉన్న కాగితమైనా సరే, చదివిన మనిషి పక్కన లేకుండా వేలిముద్ర వేయకండి. చదివే మనిషిని మీ ఇంట్లోనే తయారుచేయడం మా పని.

ఇంకా పెద్ద దారి ఒకటుంది, దాన్ని మేము ఇప్పటిదాకా సరిగ్గా వాడుకోలేదు. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లోని ప్రతి గ్రామసభకూ తన ప్రజల సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి ఉందని చెప్పింది. గ్రామసభ అనగానే మాకు అడవి, ఇసుక, సంత గుర్తొస్తాయి. పాట కూడా ఉమ్మడి వనరే. మా ఊరి ఆటను వ్యాపారానికి చిత్రించాలనుకునేవారు ముందు గ్రామసభకు చెప్పాలి, ఊరి పేరు వేయాలి, ఆడినవారి పేర్లు వేయాలి అని తీర్మానం చేయమని మా మండలంలో ప్రతి గ్రామసభనూ అడుగుతాం. తీర్మానం ముసాయిదా పిల్లలు రాస్తారు. సర్పంచి దగ్గరకు పిల్లలే తీసుకెళతారు. పౌరశాస్త్రం పాఠ్యపుస్తకంలో చదివినదానికన్నా అది వాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది.

ఒక జోలపాట

పిల్లలకు మేము చెప్పబోయే కథ ఒకటి ఇది. పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవులున్నాయి. అక్కడ మలైటా దీవిలో అఫునక్వా అనే ఆమె పాడిన జోలపాటను 1970 ప్రాంతంలో హ్యూగో జెంప్ అనే సంగీత పరిశోధకుడు రికార్డు చేశాడు. పాటల సంకలనంగా అది బయటికి వచ్చింది. 1992లో ఫ్రాన్సుకు చెందిన ఒక సంగీత జంట ఆ గొంతును తీసుకుని, కింద యంత్ర సంగీతం వేసి పాట విడుదల చేసింది. లోకమంతా ఊగింది. తన అనుమతి లేకుండా వాడారని జెంప్ మొత్తుకున్నాడు. మరికొన్నేళ్లకు యూరపులో పేరున్న ఇంకొక సంగీతకారుడు అదే బాణీని ఆఫ్రికా అడవుల జోలపాటగా పేరు పెట్టి వాయించాడు. దీవి పేరు పోయింది, భాష పేరు పోయింది, ఖండమే మారిపోయింది. పాట ప్రపంచానికి తెలిసింది, పాడిన తల్లి తెలియలేదు.

ఇంకో కథ న్యూజీలాండుది. అక్కడి రగ్బీ జట్టు ఆటకు ముందు తొడలు చరిచి ఆడే హాకా మనలో చాలామంది ఫోన్లలో చూశాం. దాన్ని సుమారు 1820లో కట్టినవాడు మావోరీ నాయకుడు తె రౌపరాహా. ఆయన తెగ ఎన్నో ఏళ్లు అడిగి, అడిగి, 2014లో ఆ ఒక్క హాకా కోసమే ఒక చట్టం తెచ్చుకుంది. ఆ చట్టం అడిగేది డబ్బు కాదు. హాకాను వ్యాపారానికి వాడేచోట కట్టినవాడి పేరు, తెగ పేరు చెప్పమని మాత్రమే అడుగుతుంది. ఈ రెండు కథల మధ్య ఉన్న దూరమే మా ఉద్యమం నడవాల్సిన దూరం.

ఇక్కడి ఉదాహరణలు కూడా ఉన్నాయి. 2021లో 'సారంగ దరియా' పాట సినిమాలో వచ్చి ఇంటింటా మోగినప్పుడు, ఆ జానపదాన్ని ముందుగా జనంలోకి తెచ్చిన గాయనికి దక్కాల్సినది ఏమిటన్న చర్చ తెలుగునాట గట్టిగానే సాగింది. మంచి చర్చ. పిల్లల చేత రెండు వైపులా వాదింపజేస్తాం. మా కొండ కాఫీ సంగతి వాళ్లకు తెలిసినదే. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇక్కడ పండని గింజను ఆ పేరుతో అమ్మకూడదు. ఒక ఊరి పేరుకు విలువ కట్టడం సాధ్యమేనని అది మాకు నేర్పింది. పసుపు సంగతి ఇంకా పాతది. పసుపు గాయం మాన్పుతుందన్న విషయానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు, పత్రాలు 32 చూపించి 1997లో దాన్ని కొట్టేయించింది. కాగితం మీద ఉన్నది కాబట్టి గెలిచాం. పాడేరు కొండల్లో పసుపు పండించే అవ్వకు తెలిసిన వైద్యం ఏ కాగితం మీదా లేదు. అందుకని రాసుకోవాలి. అయితే రాసిన పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి, ఏ పేజీ బయటికి చూపాలి, ఏది చూపకూడదు అన్నది అవ్వ చెప్పాలి. మందు మొక్క వీడియో తీసి లైకుల కోసం పెట్టేసిన కుర్రాడికి ఈ మాట కోపంతో కాదు, పక్కన కూర్చుని చెప్పాలి.

మా తప్పులు

ఊరి మీద నేరం మోపే ముందు మా బడిలో మేము చేసినవి చెప్పుకోవాలి. తనిఖీ కోసం, గ్రూపులో పెట్టడం కోసం, అన్నం తింటున్న పిల్లల్ని, తల దువ్వించుకుంటున్న పిల్లల్ని, జ్వరంతో పడుకున్న పిల్లల్ని మేము ఫోటోలు తీశాం. ఒక్కరినీ అడగలేదు. ఆశ్రమ పాఠశాల పిల్లకు అమ్మానాన్న దూరంగా ఉంటారు. ఆ ఫోటో వద్దని చెప్పడానికి ఆమెకు మేము తప్ప ఎవరూ లేరు. తీసింది కూడా మేమే. ఈ వాక్యం రాయడానికి మాలో కొందరికి చాలా కష్టమైంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంటోంది, పిల్లల్ని వెంటాడి ప్రకటనలు చూపకూడదంటోంది. కంపెనీలను కట్టడి చేయడానికి చట్టం ఉంది, సంతోషం. మాస్టారి ఫోనుకు కట్టడి మాస్టారే వేసుకోవాలి. ఇకమీదట పిల్ల ముఖం బయటికి వెళ్లాలంటే పిల్లనూ, ఇంటివాళ్లనూ అడుగుతాం. వద్దంటే వద్దు.

వార్షికోత్సవంలో సినిమా పాటకు పిల్లలు ఆడారు. ఆ సభలో ఉపాధ్యాయులు, పిల్లలు, తల్లిదండ్రులే ఉన్నంతసేపు చట్టం అడ్డు చెప్పదు. బడికి ఆ మినహాయింపు ఇచ్చింది. దాన్ని తీసుకెళ్లి యూట్యూబులో పెట్టినప్పుడు ఆ మినహాయింపు దాటిపోయాం. ఎవరిదో బొమ్మను గోడపత్రిక మీద పేరు లేకుండా అచ్చువేశాం. ఒక పిల్ల గీసిన కొండ బొమ్మను ఆమె పేరు లేకుండానే అతిథికి బహుమతిగా ఇచ్చేశాం. ఆ బొమ్మ పిల్లది. తొమ్మిదేళ్లదైనా, పదేళ్లదైనా, గీసిన క్షణం నుంచి దాని మీద కాపీరైటు ఆమెదే, నమోదు కూడా అక్కర్లేదు. ఈ మాట విన్నప్పుడు పిల్లల కళ్లు ఎలా మారతాయో చూడాలి. తనదంటూ ఒకటుందని తెలిసిన పిల్ల ఎదుటివారిది తీసుకునే ముందు ఆగుతుంది. నీతి పాఠాలు పది చెప్పినా రాని మార్పు దీనితో వస్తుంది.

కాపీరైటు అంటే అన్నింటికీ అడ్డుగోడ అని కూడా మేము నేర్పం. పాఠం కోసం ఉపాధ్యాయుడు, విద్యార్థి నకలు తీసుకోవచ్చని చట్టమే చెబుతోంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గర జిరాక్సు దుకాణం మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు చదువు వైపే నిలబడింది. పుస్తకాల షాపు లేని మండలంలో పిల్లలకు ఇది బతుకు ప్రశ్న. ఏది తీసుకోవచ్చు, ఎంత తీసుకోవచ్చు, ఎవరి పేరు రాయాలి అన్నది వాళ్లకు తెలిస్తే భయం పోతుంది. యంత్రం రాసిచ్చిన వ్యాసానికి కూడా ఇదే నియమం: సాయం తీసుకున్నావా, పైన రాయి.

ఒక ఫార్వార్డు

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ గ్యాంగు దిగిందని తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ సందేశాలు తిరిగాయి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను కొట్టారు, ప్రాణాలు పోయాయి. జూలై 1న మహారాష్ట్రలోని రాయిన్‌పాడాలో సంచార జాతికి చెందిన 5 మందిని సంతరోజున కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి 5 చోట్లకు మించి పంపే వీలు తీసేసింది. 5 చోట్లకు పంపినా ఊరు తగలబడడానికి చాలు.

ఏజెన్సీలో దీనికన్నా దగ్గరి భయం ఒకటుంది. చిల్లంగి. ఫలానా ముసలాయన చేతబడి చేశాడన్న గుసగుస ఒకప్పుడు గుమ్మం గుమ్మానికీ నడిచి వెళ్లేది, దారిలో ఎక్కడో ఒక పెద్దమనిషి ఆపేవాడు. ఇప్పుడు అది గొంతు సందేశంగా ఒక్క రాత్రిలో నాలుగు పంచాయతీలు దాటుతుంది. ఆపే పెద్దమనిషి గ్రూపులో లేడు. అందువల్ల ఆ పెద్దరికం పిల్లలకే నేర్పాలి. సందేశం వచ్చింది, ఎవరు చెప్పారు, చూసినవాళ్లెవరు, అది తెలిసేదాకా నా దగ్గర ఆగిపోతుంది. ఆపడం పిరికితనం కాదని, గ్రూపులో అందరూ ఒకరి మీద పడుతున్నప్పుడు చాలు అని ఒక్క మాట రాయడానికి ధైర్యం కావాలని చెబుతాం. తోటి పిల్ల తెలుగులో కువి యాస ఉందని గ్రూపులో ఎగతాళి చేసినవాడికి కూడా ఇదే బెంచీ మీద పాఠం.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సినది చాలా ఉంది. జలపాతం దగ్గర స్నానం చేస్తుంటే, బట్టలు మార్చుకుంటుంటే ఎవడైనా రహస్యంగా తీస్తే, పంపితే, అది ఐటీ చట్టం 66ఇ కింద 3 ఏళ్ల దాకా జైలు పడే నేరం. తప్పు తీసినవాడిది. ఈ వాక్యం పిల్లకు కంఠతా వచ్చేదాకా చెబుతాం, తల్లికీ చెబుతాం, ఎందుకంటే ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయంతోనే పిల్లలు నోరు మూసుకుంటారు, ఆ మౌనాన్నే బెదిరించేవాడు వాడుకుంటాడు. మీ అమ్మాయి వచ్చి చెబితే ముందు ఫోను లాక్కోకండి, ముందు దగ్గరకు తీసుకోండి. సాక్ష్యంగా స్క్రీన్‌షాట్ ఉంచండి. పిల్లల కోసం 1098, డబ్బు పోతే 1930. డబ్బు విషయంలో గంటలు కాదు, నిమిషాలు లెక్క. నెలకు ఇంతిస్తాం, నీ బ్యాంకు ఖాతా, నీ సిమ్ము వాడుకుంటాం అని వచ్చేవాడి మాట విన్న కుర్రాడు ఎవరో చేసిన మోసానికి తాను నిందితుడవుతాడు. ఈ మాట ఇంటర్ పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

ఏం చేయబోతున్నాం, ఏం అడుగుతున్నాం

పాఠం పిల్ల ఇంటి భాషలో మొదలవుతుంది. 2004లో మొదలైన బహుభాషా విద్య 8 గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చింది, కువి, ఆదివాసీ ఒడియా వాటిలో ఉన్నాయి. పాస్‌వర్డు, ఒప్పుదల, పుకారు, హక్కు అన్న మాటలకు ఆ భాషల్లో ఏమంటే తలకెక్కుతుందో పిల్లలు, అవ్వలు కలిసి కూర్చుని తేలుస్తారు. ఈ ఉద్యమానికి మేము ఇంకా పేరు పెట్టలేదు. ఆ పేరు కూడా అక్కడి నుంచే రావాలి.

మైదానంలో రాసిన పాఠాలు ప్రతి పిల్లకూ సొంత ఫోను ఉందనుకుంటాయి. మా ఇళ్లలో ఒక ఫోనుకు ఆరుగురు. అన్న చూసిన వీడియో వెనకే చెల్లి పాఠం వస్తుంది. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకు అన్న సలహా ఇక్కడ నిలవదు. ఉమ్మడి ఫోనును ఇంట్లో ఎలా పంచుకోవాలి, ఎవరి సందేశం ఎవరు చదవకూడదు, రాత్రి ఎప్పుడు పక్కన పెట్టాలి అన్నది ఇంటిల్లిపాదీ కలిసి ఒప్పుకునే పాఠం మేము కొత్తగా రాసుకోవాలి. వారానికి ఒక పీరియడు ఇవ్వమని ప్రధానోపాధ్యాయులను అడుగుతున్నాం. దానికి పరీక్ష పెట్టవద్దని కూడా. పాడేరు ఐటీడీఏను అడిగేది ఒక్కటే: పర్యాటక స్థలాల్లో థింసా ఆడేచోట బల్ల ఒకటి పెట్టండి, ఆడుతున్న బృందం పేరు, ఊరు, వీడియో తీసి బయట పెట్టాలంటే ఏం చేయాలో తెలుగులో, ఇంగ్లీషులో రాయండి.

మైదానం నుంచి వచ్చే అన్నలారా, అక్కలారా, వీడియోలు చేసే తమ్ముళ్లారా, మీ మీద మాకు పగ లేదు. మీరు రావాలి, చూడాలి, మా కాఫీ కొనాలి. ఫోను ఎత్తే ముందు ఒక్క క్షణం గట్టు మీద ఆగండి. ఆడినవాళ్ల పేరు అడిగి కింద రాయండి. మీ ఛానలుకు డబ్బు వస్తే అందులో వాటా ఎవరికి చేరాలో ఊళ్లో కూర్చుని మాట్లాడుకుందాం. ఒక అవ్వ ముఖం తిప్పుకుంటే అదే ఆమె జవాబు.

వలిసెలు పూసే నెలలో మొదటి పాఠం. దానికి ఫోను అక్కర్లేదు. పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున తమ ఊళ్లోనే పాట తెలిసిన ఒకరి ఇంటికి వెళతారు. గుమ్మం బయటే ఆగి అడుగుతారు: ఈ పాట నువ్వు ఎవరి దగ్గర నేర్చావు, మాకు నేర్పుతావా, మేము బడిలో పాడొచ్చా, బడి దాటి పాడొచ్చా. చెప్పిన జవాబు రాసుకుని తిరిగొస్తారు. వద్దంటే వద్దన్నదని రాస్తారు. పాట తెచ్చినవాళ్లకూ, వద్దన్న జవాబు తెచ్చినవాళ్లకూ తరగతిలో ఒకే చప్పట్లు. దీనికోసం ఒక రిజిస్టరు కొన్నాం. మొదటి పేజీలో ఐదు గళ్లు గీశాం: పాట, పాడినవారు, వాళ్లకు నేర్పినవారు, అడిగిన రోజు, ఏమన్నారు.